మొదటి మోతాదు

పుట్టి నెల నిండని శిశువునకు తీవ్రవ్యాధి సోకినప్పుడు కాలమును దినములతో గాక గంటలతో లెక్కింపవలెను. ఇది వైద్యులెరిగిన మాటయే. అయినను మన కృష్ణా దిగువ మండలమున, శిశువు పాలు మానిన గంటకును మొదటి మోతాదు మందు దాని దేహమున చేరిన గంటకును నడుమ గడచు కాలమంతయు ఎచ్చట ఖర్చగుచున్నదని విచారించువారు తక్కువ. కొంత ఇంటిలో ఖర్చగును. కొంత దారిలో ఖర్చగును. కొంత పరీక్షాఫలితమునకై ఎదురుచూచుటలో పోవును. తక్కినది ఒక ఆస్పత్రివారు మరియొక ఆస్పత్రివారికి వ్రాసికొను చీటీలలో పోవును. బాక్టీరియములవలన శిశువులకు వచ్చు విషజ్వరముల విషయమున ఈ చిక్కునకు కొంత పరిహారము దొరకినది. పల్లెటూరి నర్సు సయితము జెంటామైసిను సూదిమందు మొదటి మోతాదు వేసి, పిమ్మట బిడ్డను పై ఆస్పత్రికి పంపవచ్చునని కేంద్రప్రభుత్వము 2014లో అనుజ్ఞ యిచ్చినది. వైరసులవలన వచ్చు వ్యాధుల యెడలను ఇదే తెగువ మన చిన్న వైద్యశాలలకు అలవడవలెనని మా వాదము. మొదటి మోతాదు బిడ్డ యున్నచోటనే పడవలెను. బిడ్డ మందును వెదకికొని పోరాదు.

దివిసీమ నెరుగనివారికి ఈ వాదము అతిశయోక్తిగా తోచవచ్చును. నాగాయలంకకు దిగువనున్న ఎదురుమొండి లంకలనుండి బాలింత బయలుదేరవలెనన్న మొదట ఏటిపాయ దాటవలెను. తరువాత నాగాయలంక, తరువాత అవనిగడ్డ. అవనిగడ్డనుండి బందరు సుమారు 35 కిలోమీటర్లు. విజయవాడ ఇంచుమించు దానికి రెట్టింపు. గుడివాడవారికి ఏరియా ఆస్పత్రి యున్నది, రైలున్నది, రోడ్డున్నది. కాని వారికిని విజయవాడ నలువది కిలోమీటర్లకు పైమాటయే. 2005వ సంవత్సరమున హైదరాబాదులో ఆరంభమైన 108 బండ్లు ఈ దూరములను కొంత తగ్గించినవి. 2011 జూన్ 1వ తేదీన వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమము జబ్బుపడిన నవజాత శిశువునకు ప్రభుత్వాస్పత్రిలో చికిత్స, మందులు, ప్రయాణము ఉచితమని శాసించినది. భోగరాజు పట్టాభి సీతారామయ్య పంతులుగారు ఒకప్పుడు వైద్యవృత్తి నెరపిన బందరున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరువబడినది. ఇవన్నియు సంతోషింపదగినవే. అయినను బండి యెంత వేగముగా పోయినను అందు కూర్చున్న శిశువు రక్తములోని వైరసు అంతకన్న వేగముగా పెరుగుచునే యుండును. కోడూరు బిడ్డకు బందరు కళాశాలవలన కలుగు మేలు బందరు చేరిన తరువాతనే ఆరంభము కావలెనా? కళాశాలలోని శిశువైద్యుని మాట టెలిఫోనుమీద అవనిగడ్డకు ముందుగా పోరాదా?

గంటలు ఎంత విలువగలవో చూపుటకు హెపటైటిస్ బి వైరసును మించిన ఉదాహరణము లేదు. కాలేయమును పట్టు ఈ వ్యాధి పెద్దవయసువారికి సోకినచో నూటికి తొంబదియైదుగురు దానిని వదల్చుకొందురు. పుట్టుకతో సోకిన శిశువులలో నూటికి తొంబదిమందికి అది జీవితాంతము నిలిచిపోవును. నలువదియో యేబదియో యేండ్లు వచ్చుసరికి కాలేయము గట్టిపడుటయో, అందు రాచపుండు పుట్టుటయో జరుగవచ్చును. అట్టి మనిషిని చూచి ఇది పురిటిగదిలో పొరపాటుగా విడిచిన యొక సూదిమందు ఫలమని ఎవరు తలతురు? తల్లి రక్తములో వైరసు అధికముగా నున్నచో బిడ్డకు సోకు అవకాశము నూటికి డెబ్బదినుండి తొంబదివరకు. పుట్టిన 24 గంటలలోపల టీకా వేసినచో ఈ ప్రమాదములో పెద్దభాగము తొలగును. తల్లికి వ్యాధి యున్నట్లు తెలిసినచో, 12 గంటలలోపల రెండవ తొడకు ఇమ్యునోగ్లోబ్యులిను కూడ వేయవలెను. రెండవనాడు వేసినచో ఫలము తగ్గును. వారము దాటినచో ఆ మొదటి టీకా పేరునకే మొదటిది.

ఈ టీకా చరిత్రలో తెలుగువారు గర్వింపదగిన అధ్యాయమున్నది. ఒకప్పుడిది పరదేశములనుండి వచ్చెడిది. మోతాదు వందల రూపాయలు పలికెడిది. కలిగినవారి బిడ్డలకే దక్కెడిది. నెల్లూరు సీమనుండి వచ్చిన వరప్రసాదరెడ్డిగారు తమ తల్లి శాంతమ్మగారి పేర 1993లో హైదరాబాదున ఒక సంస్థను స్థాపించి, 1997లో ఈ టీకాను మన దేశముననే తయారుచేసి, పూర్వపు వెలలో స్వల్పభాగమునకే అమ్మిరి. వెల దిగినది. 2002లో కొన్నిచోట్ల పరీక్షార్థముగా, 2011 నాటికి దేశమంతటను ఈ టీకా ప్రభుత్వ పట్టికలో చేరినది. మందు మనది, వెల స్వల్పము, చట్టమున్నది. అయినను ఆదివారమునాడు పుట్టిన బిడ్డకును సోమవారమునాడు పుట్టిన బిడ్డకును తేడా యున్నదా లేదా? టీకాలుంచు శీతలపెట్టె గది తాళము ఒకరి చేతిలో నుండి, ఆ ఒకరు పండుగకు పుట్టినింటికి పోయినచో ఆనాడు పుట్టిన శిశువు గతి యేమి? ఇంకొక సంశయము నర్సులను పట్టి పీడించును. సీసాలో పది మోతాదులుండును. ఒక్క బిడ్డకై సీసా విప్పినచో తక్కిన తొమ్మిది వ్యర్థమగునేమో, పైవారడుగుదురేమో యని. ఈ భయము నిరాధారము. శీతలముగా, శుచిగా, గడ్డకట్టనీయక ఉంచినచో విప్పిన సీసాను 28 దినములవరకు వాడవచ్చునని ప్రభుత్వపు నియమమే చెప్పుచున్నది. ఆ నియమమును పెద్ద అక్షరములతో వ్రాసి పురిటిగది గోడకు తగిలింపుడని మేము కోరుచున్నాము.

ఇక రెండవ వైరసు సంగతి. ఇది అరుదైనది, కాని క్రూరమైనది. ఇంగ్లీషు వైద్యులు దీనిని హెర్పీసు అందురు. మన పల్లెలలో నడుముచుట్టు పొక్కులు లేచు వ్యాధిని సర్పి యని పిలుతురు గదా! ప్రాకుట యను అర్థముగల గ్రీకు ధాతువునుండి హెర్పీసు వచ్చినది. అదే అర్థముగల సంస్కృత ధాతువునుండి సర్పి వచ్చినది. రెండును తోబుట్టువులైన మాటలు. మన కుమ్మరి, వారి వైద్యుడు ఒక్కతీరుననే చూచి ఒక్కపేరే పెట్టిరి! అయితే సర్పిని పుట్టించు వైరసు ఆటలమ్మకు చెందినది. మేము చెప్పబోవునది దాని జ్ఞాతి, పెదవులమీదను రహస్యాంగములమీదను పొక్కులు పుట్టించునది. పెద్దవారిలో ఇది నాలుగు దినములు మండి మానిపోవును. ప్రసవమార్గమున శిశువును పట్టినచో మెదడునకు, కాలేయమునకు, ఊపిరితిత్తులకు ప్రాకును. దేహమంతట వ్యాపించిన పిమ్మట మందు లేనియెడల నూటికి ఎనుబదిమందికి పైగా శిశువులు దక్కరు. మందు పడినను నూటికి ముప్పదిమంది వరకు చనిపోవుదురు. మెదడును మాత్రమే పట్టినచో మందులేనివారిలో సగముమంది పోవుదురు; సకాలమున మందు పడినవారిలో పోవువారు నూటికి అయిదారుగురే. కాని దక్కిన వారిలో పెక్కుమందికి మెదడు పూర్తిగా కోలుకొనదు. ఎంత త్వరగా మందు పడునో అంత మెదడు మిగులును.

చిక్కంతయు గుర్తించుటలో నున్నది. చర్మముమీద నీటిపొక్కులు కనిపించినచో అనుమానించుట సులభము. కాని ఇట్టి శిశువులలో మూడవవంతునకు పైగా ఒక్క పొక్కైనను కనిపింపదు. బిడ్డ సోలిపోవును, పాలు త్రాగదు, దేహము కాలుటయో చల్లబడుటయో జరుగును, ఒక చేయి యెగురవేయును, కనురెప్పలు కొట్టుకొనును. తల్లిని అడిగినచో తనకేమియు పొక్కులు రాలేదనును. ఆమె అబద్ధమాడుట లేదు, ఇట్టి తల్లులలో సగముకన్న అధికులకు ఆ వ్యాధి తమకున్నట్లే తెలియదు. ఇంటిలోని ముసలమ్మ బాలగ్రహమనును, పక్షిదోషమనును, తాయెత్తు కట్టించును. చిన్న ఆస్పత్రిలో విషజ్వరమని యాంటిబయాటిక్కు సూది వేయుదురు. ముసలమ్మను మేము నిందింపము. తాయెత్తు కట్టుటకు పట్టు ఆ అరగంటయే పోవును. కాని సూది వేసి, రెండు దినములు చూచి, తగ్గకపోయిన తరువాత విజయవాడకు పంపుదమను ఆలోచన మాత్రము శిశువును నష్టపరచును. ఆ రెండు దినములే ఈ వైరసునకు కావలసినది.

దీనికి మందున్నది. పేరు ఎసైక్లోవిరు. ఇందు వింతయేమనగా, ఈ మందు దేహములో చేరినప్పుడు నిరపాయమైన పదార్థముగనే యుండును. వైరసు చొచ్చిన కణములలో వైరసు తన పనికై తెచ్చుకొన్న యొక రసాయనమే దానిని విషముగా మార్చును; శత్రువు తన కత్తితో తానే పొడుచుకొనును. ఆరోగ్యముగానున్న కణములకు బాధ స్వల్పము. ఇంగ్లీషు కంపెనీ యొకదానికి చెందిన అమెరికా పరిశోధనశాలలో గెర్ట్రూడ్ ఎలియన్ అను విదుషీమణియు ఆమె సహచరులును దీనిని సాధించి 1977లో లోకమునకు తెలిపిరి. 1988లో ఆమెకును ఆమె గురుతుల్యుడైన జార్జి హిచ్చింగ్సునకును నోబెల్ బహుమానములో భాగము వచ్చినది. ఈ హిచ్చింగ్సు హార్వర్డులో విద్య నేర్చినది ఫిస్కు అను ఆచార్యుని పరిశోధనశాలలో. ఆ శాలలోనే మన భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కుతో కలసి 1925లో రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. సుబ్బారావుగారికి నోబెల్ బహుమానము రాలేదు. 1948లో గతించిరి. ఇది ప్రస్తుతమునకు పక్కదారియే యైనను, ఎసైక్లోవిరు సీసాను చేత పట్టుకొన్న గుడివాడ డాక్టరు దానిని మరీ పరాయివస్తువుగా తలపనక్కరలేదని చెప్పుటకే తెచ్చితిమి.

మోతాదు శిశువు బరువునుబట్టి కిలో ఒకటికి 20 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకొకమారు, ఒక గంటసేపు నెమ్మదిగా నరములోనికి. మూడు కిలోల బిడ్డకు ఒక్కొక్కమారు 60 మిల్లీగ్రాములు. ఒక సీసాలో 250 మిల్లీగ్రాములుండును. చర్మమునకు, కంటికి, నోటికి పరిమితమైనచో 14 దినములు. మెదడునో దేహమంతటినో పట్టినచో 21 దినములు. ఆ ఇరువదియొక్క దినముల చికిత్స అవనిగడ్డలో జరుగవలెనని మేము చెప్పుట లేదు. అది పెద్ద ఆస్పత్రి పని. నడుము నీరు తీయుట, మూత్రపిండముల స్థితి కనిపెట్టుట, నెలలు నిండక పుట్టినవానికి మోతాదుల వ్యవధి మార్చుట నిపుణుల పని. మేము కోరునది ఆ మొదటి 60 మిల్లీగ్రాములు మాత్రమే. అది బండి ఎక్కుటకు ముందు పడవలెను.

దీనికి వైద్యులలో పెద్దలే కొందరు అడ్డుచెప్పుదురు. పరీక్ష చేయకుండ మందు వేయుట శాస్త్రమా? ముందు మందు వేసినచో తరువాత పరీక్ష చెడిపోదా? జ్వరము వచ్చిన ప్రతి బిడ్డకును వేసినచో మూత్రపిండములకు హాని కాదా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. కావున వీనికి సమాధానము చెప్పవలెను. పరీక్ష విషయమున భయము లేదు. వైరసు జాడ తెలుపు పి.సి.ఆర్. పరీక్షలో, మందు మొదలిడిన కొన్నిదినముల తరువాతకూడ వెన్నునీటిలో ఆ జాడ సాధారణముగా కనిపించుచునే యుండును. నోటినుండి, కంటినుండి, పొక్కునుండి దూదిపుల్లతో తడి తీసి చల్లని పెట్టెలో బిడ్డతోపాటు పంపుటకు చిన్న ఆస్పత్రిలోనైనను ఐదు నిమిషములకన్న పట్టదు. 2020 కోవిడు కాలమున ఈ పుల్లతో తడి తీయు పని నేర్వని ఆస్పత్రి లేదు. ప్రతి జ్వరమునకును వేయుమని మేము చెప్పము. నెలలోపు బిడ్డకు పొక్కులున్నను, ఈడ్పులు వచ్చినను, నెత్తురు ఆగకుండ కారినను, కాలేయము చెడినట్లు తోచినను, తల్లికి పొక్కులున్నట్లు తెలిసి బిడ్డ సోలిపోయినను వేయవలెను. యాంటిబయాటిక్కును మానరాదు, రెండును కలిపి నడుపవలెను, ఏలయన మొదటి గంటలో ఇది ఏ జాతి సూక్ష్మజీవియో ఎంత గొప్ప వైద్యుడును కంటితో చెప్పలేడు. పరీక్షలో వైరసు లేదని తేలి, నిపుణుడు తృప్తిపడినచో మందు ఆపవచ్చును. మూడు మోతాదులు అనవసరముగా పడిన బిడ్డకు నీరు తగినంత లోనికి పోయినచో సాధారణముగా చెరుపు కలుగదు. మూడు మోతాదులు అవసరమై యుండి పడని బిడ్డ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

దివిసీమవారికి ఈ తర్కము తెలియనిది కాదు. ఎసైక్లోవిరు లోకమునకు తెలిసిన ఆ 1977వ సంవత్సరముననే నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి పల్లెలకు పల్లెలను తుడిచివేసినది. వేలకొలది జనము సముద్రము పాలైరి. తరువాత ఈ సీమ నేర్చుకొన్న పాఠమేమి? గాలి వీచిన తరువాత జనమును కదల్చినచో లాభము లేదని. హెచ్చరిక రాగానే తుఫాను రక్షణగృహములకు చేర్చవలెనని. పలుమారులు హెచ్చరిక వచ్చును, తుఫాను ఇంకొకచోట తీరము దాటును. జనము ఒక రాత్రి నిద్రచెడి మరునాడు ఇండ్లకు పోవుదురు. అందుకు కలెక్టరును ఎవరును తప్పుపట్టరు. పురిటిబిడ్డ విషయమున డ్యూటీలోనున్న చిన్న డాక్టరు ఇట్లే హెచ్చరికనుబట్టి మందు వేసి, తరువాత పరీక్షలో వైరసు లేదని తేలినచో అతనిని తప్పుపట్టని పైయధికారి కావలెను. అతనికా ధైర్యము నోటిమాటవలన రాదు. వ్రాతపూర్వకమైన ఉత్తరువు ఉండవలెను. నిపుణునితో దూరవాణిలో మాట్లాడు వసతి, ఈ-సంజీవని వంటి దూరవైద్య విధానము, ఇప్పటికే యున్నవి. నిపుణుడు దొరకనిచో ఎదురుచూడక ఆరంభింపవచ్చునని ఆ ఉత్తరువులో స్పష్టముగా నుండవలెను.

మందున్న వైరసులు కొన్నియే. హెచ్.ఐ.వి. యున్న తల్లికి గర్భకాలమునుండి మందు నడచుచు, బిడ్డకు పుట్టిన కొద్దిగంటలలోనే నెవిరాపిను చుక్కలు పడినచో సంక్రమణము నూటికి అయిదునకు లోపుగా తగ్గును. ఏ ఏర్పాటును లేనినాడు అది నూటికి పదునైదునుండి నలువదియైదువరకు ఉండెడిది. ఇదియు గంటల లెక్కయే, ఇదియు పురిటిగది బీరువాలో ఉండవలసినదే. తల్లికి ప్రసవమునకు ముందు అయిదు దినములలోగాని, తరువాత రెండుదినములలోగాని ఆటలమ్మ పోసినచో బిడ్డకు అది ప్రాణాంతకము కాగలదు. తల్లినుండి రక్షణపదార్థము బిడ్డకు చేరుటకు వ్యవధి లేకపోవుటయే దీనికి కారణము. అమ్మవారు పోసినదని వేపమండలు కట్టి, ఆస్పత్రికి తెలుపకుండుట ఇచ్చట మర్యాద కాదు. తెలిపినచో ఇమ్యునోగ్లోబ్యులినుకైనను ఎసైక్లోవిరుకైనను సమయముండును. గర్భముననే బిడ్డ కంటిని, గుండెను చెరచు రుబెల్లా సంగతి వేరు. 2017 ఆగస్టునుండి మన రాష్ట్రమున వేయుచున్న టీకాయే దానికి విరుగుడు, పుట్టిన తరువాత చేయగలిగినది స్వల్పము.

దోమలున్న డెల్టాలో చికున్‌గున్యాను, డెంగూను మరువరాదు. 2006లో ఆంధ్రదేశమున చికున్‌గున్యా ఇల్లిల్లు తిరిగినది. ఆ యేడాదియే హిందూమహాసముద్రమునందలి రీయూనియన్ ద్వీపమున వైద్యులు, ప్రసవసమయమున ఈ జ్వరముతోనున్న తల్లుల బిడ్డలలో ఇంచుమించు సగముమందికి అది సోకినట్లు కనుగొనిరి. శస్త్రముచేసి బిడ్డను తీసినను రక్షణ కలుగలేదు. బిడ్డ పుట్టినప్పుడు చక్కగనే యుండును. మూడవనాటికిని ఏడవనాటికిని నడుమ జ్వరము, పాలు మానుట, ఈడ్పులు కనిపించును. సామాన్యముగా అప్పటికి తల్లీబిడ్డలు ఇల్లు చేరియుందురు. డెంగూ తల్లి బిడ్డకు రక్తములోని ప్లేట్‌లెట్లు పడిపోవుటయు ఆ వారములోనే. వీనికి మందు లేదు. మందు లేదనగానే చికిత్స లేదని కొందరు చేతులెత్తుదురు. ఇది సత్యము కాదు. ప్రసవమునకు ముందు వారములో తల్లికి జ్వరమున్నచో ఆ బిడ్డను వారముదినములు ఆస్పత్రిలోనే కనిపెట్టియుంచుట చికిత్స. దేహమును తల్లి రొమ్మునకు చేర్చి వెచ్చగా నుంచుట చికిత్స. రక్తములోని చక్కెర పడిపోకుండ చూచుట, త్రాగలేనిచో తల్లిపాలనే పిండి గొట్టముద్వారా ఇచ్చుట, నిమిషమునకు ఊపిరులు అరువదికి మించినవా యని లెక్కించుట, అవసరమైనచో ప్రాణవాయువు పట్టుట, ఇవన్నియు చికిత్సలే. వీనికి నిపుణుడు అక్కరలేదు. మెలకువగల నర్సు చాలును. రాత్రి రెండుగంటలకు మెలకువగల నర్సు అని మా అభిప్రాయము. అందుకు ఒక్కతె కాక ఇద్దరుండవలెను.

ఇంటివారి పాత్ర కొంతయున్నది. పురిటిమైల యని పదునొకండు దినములు బాలింతను, బిడ్డను వేరుగా నుంచు ఆచారము మనవారికుండెను. దాని కారణములనుగూర్చి వాదింపవచ్చును గాని, అది నలుగురి చేతులును బిడ్డమీద పడకుండ కాపాడినది. ఇప్పుడు ఆస్పత్రినుండి రాగానే బంధువులందరును చేరి బిడ్డను చేతులు మార్చి ముద్దాడుచున్నారు. పెదవిమీద జ్వరపుపొక్కు లేచిన మేనమామ ముద్దుతోనే హెర్పీసు శిశువునకు సోకవచ్చును. ఈ మార్గమున వచ్చునవి నూటికి పది వరకు ఉండునని అంచనా. పొక్కున్నవాడు బారసాలకు వచ్చి దూరమునుండి అక్షతలు వేసి పోయినచో ఆశీర్వచనమునకు లోపమేమి? ఈ వ్యాధి లక్షణములు మొదటి వారాంతమునుండి మూడవవారమువరకు బయటపడును. మన తొలిచూలు బాలింతలు ఆ దినములలో పుట్టినింట నుందురు. పుట్టిల్లు ఇంకొక మండలమున, ఇంకొక ఆస్పత్రి పరిధిలో ఉండవచ్చును. ఆశా కార్యకర్త మూడవ, ఏడవ, పదునాలుగవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలువదిరెండవ దినములందు బిడ్డను చూడవలెనని విధి యున్నది. ఏడు, పదునాలుగు, ఇరువదియొకటి సరిగా ఈ వైరసు వేళలు. ఆ మూడు దినములందైనను ఆమె గడపదాటి లోనికి పోయి, బిడ్డ గుడ్డలు విప్పించి, తలనుండి పాదములవరకు చర్మము చూచి, పాలు త్రాగుట కన్నులార చూడవలెను. వాకిట నిలిచి బాగున్నాడా యని అడిగి పుస్తకములో గీత గీసికొనుట చూచుట కాదు.

పఠనమందిరములందు ఈ పత్రికను చదువు మహాశయులు తమచేత నేమగునని అడుగవచ్చును. చేయవలసిన పని చిన్నదే. మచిలీపట్టణమున, గుడివాడలో, అవనిగడ్డలో ఆస్పత్రి అభివృద్ధి సంఘములున్నవి. వానిలో ఊరి పెద్దలున్నారు. వచ్చు సమావేశమున మూడు ప్రశ్నలు వేయుడు. పురిటిగది బీరువాలో, యాంటిబయాటిక్కుల ప్రక్కనే, ఎసైక్లోవిరు సూదిమందు ఒక బిడ్డకు ఒకనాటికి చాలునంతైనను ఉన్నదా, దాని గడువుతేదీ యేమి? హెపటైటిస్ టీకా శీతలపెట్టె తాళము ఆదివారము రాత్రి ఎవరి చేతిలో నుండును? పై ఆస్పత్రికి పంపు చీటీలో, మొదటి మోతాదు ఏమందు, ఎచ్చట, ఎన్ని గంటలకు వేసితిమని వ్రాయుటకు గడి యున్నదా? సమాధానము ముక్తసరిగా వచ్చినచో బీరువా తెరిచి చూపుమని కోరుడు. ఇది పౌరుని హక్కు, మర్యాదగా అడిగినచో డాక్టర్లును సంతోషింతురు, ఏలయన మందు లేని అవమానము మొదట పడువారు వారే.

మూడవ ప్రశ్నయందు మాకు విశేషమైన పట్టుదల కలదు. పాలు మానిన గంట, ఆస్పత్రి చేరిన గంట, మొదటి మోతాదు పడిన గంట, పై ఆస్పత్రి చేరిన గంట, ఈ నాలుగును ఒక్క చీటీలో ఉండి, ఆ చీటీ నకలు ఫలితముతోకూడ పంపిన ఆస్పత్రికి తిరిగి రావలెను. ఇప్పుడు బిడ్డను పంపిన నర్సునకు ఆ బిడ్డ బ్రతికెనో లేదో వార్త చెప్పు ఏర్పాటు ఆ చీటీయే కాగలదు. పేర్లు, ఊర్లు అక్కరలేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డ ఆస్పత్రుల పెద్దలు యేడాది పొడుగున ఆ గంటలను లెక్కకట్టి పంపినచో, ఉన్నవియున్నట్లు ఈ పుటలోనే ప్రకటింతుము.